కొసరుకు బటన్ లేదు

పెద్దోళ్ళు అంటే మా ఇంట్లో ఒకటే అర్థం, దేశమంతా దుకాణాలున్న ఆ కంపెనీ. దాని అసలు పేరు నేను నోటితో పలకను. పలికితే ఆ రోజంతా నాకు తిన్నది అరగదు.

నా పేరు పరంజోత్ కౌర్. మాది ఆస్ట్రేలియాలో వూల్గూల్గా, గురుద్వారా కొండ దిగి వాగు దాటగానే కనిపించే బ్లూబెర్రీ తోట. తోట మా అత్తగారిది. ఆవిడ పేరు నసీబ్ కౌర్ గానీ ఊళ్ళో తెల్లవాళ్ళు కూడా బీజీ, అంటే అమ్మ, అనే పిలుస్తారు. భూమి ఆవిడ పేరు మీదే, బ్యాంకు ఖాతా ఆవిడ పేరు మీదే, పెద్దోళ్ళతో ఒప్పందమూ ఆవిడ పేరు మీదే. నా మొగుడు గుర్తేజ్ చెట్ల సంగతి చూస్తాడు. కంప్యూటర్ పని నాది. ఏది చెడినా తిట్లు తినే పని నాదన్నమాట.

కిందటేడు దాకా మా పళ్ళు గుర్తేజ్ చిన్నాన్న మొహిందర్ చాచా షెడ్డుకి పోసేవాళ్ళం. ఆయన వాటికి తన లేబుల్ అంటించి పెద్దోళ్ళకి పంపేవాడు. మధ్యలో తన వాటా తను నొక్కేసేవాడు. అది చాలదన్నట్టు ఒక పెళ్ళిలో నలుగురి ముందూ, "నా షెడ్డే లేకపోతే వీళ్ళ పళ్ళు చిలకలు తినిపోవాల్సిందే" అన్నాడు. గుర్తేజ్‌కి రోషం పొడుచుకొచ్చింది. ఇకమీదట మేమే నేరుగా పంపుకుంటామన్నాడు. చాచా గడ్డం నిమురుకుంటూ, "పంపుకోండి నాయనా. తిరిగొస్తే మాత్రం నా గేటు తెరుచుకోదు" అన్నాడు. ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి, అదే మా ఖర్మ. అంటే పెద్దోళ్ళు మా పళ్ళు తీసుకోకపోతే వాటికి ఇంకో దిక్కు లేదు. బ్లూబెర్రీ పండిందంటే ఆగదు, ఈ వారం కోయకపోతే వచ్చే వారానికి నేలపాలే.

నేరుగా పంపుకోవడమంటే ఎవరో మనిషితో మాట్లాడి బేరం కుదుర్చుకోవడం అనుకున్నాను, పిచ్చిదాన్ని. పెద్దోళ్ళు మనతో మాట్లాడరు. వాళ్ళ పోర్టల్ మాట్లాడుతుంది. కంప్యూటర్ తెరిచి పేరు, రహస్య సంకేతం కొడితే తెర మీద ఆర్డర్ ఉంటుంది. ఒప్పుకున్నామని నొక్కాలి. అది ఇచ్చిన లేబుళ్ళే అచ్చు తీసి, అది చెప్పిన మూలనే అంటించాలి. ట్రక్కు మా షెడ్డు వదిలేలోపల, ఏ చెక్క పలక మీద ఎన్ని ట్రేలు పేర్చామో, బరువెంతో ముందు కబురు పంపాలి. సిడ్నీలో వాళ్ళ గోదాం తలుపు దగ్గర మిషను ఆ కబురుతో సరుకుని సరిచూసుకుంటుంది. సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే లేదు. కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, నమస్కారం అసలే అక్కర్లేదు. ఇదంతా నేర్పడానికి ఒక వీడియో పెట్టారు. అందులో ఒకావిడ పళ్ళన్నీ బయటపెట్టి, "చిన్న వ్యాపారులైన మీరు, మేము, ఇక భాగస్వాములం!" అంటుంది. ఆ మొహం ఇప్పుడు గుర్తొస్తే నాకు చెయ్యి దురద పెడుతుంది.

ఇక బీజీ సంగతి. కొసరు వేయకుండా సరుకు గడప దాటించడం ఆవిడకి చేతకాదు. మా తోటలో అరటి ఉన్న రోజుల్లో ప్రతి పెట్టె మీదా ఒక హస్తం ఎక్కువ పెట్టేదట. రోడ్డు పక్కన మా బల్ల దగ్గర ఎవరు బెర్రీలు కొన్నా, సంచీ మూతి కట్టాక మళ్ళీ విప్పి గుప్పెడు పోస్తుంది. చాచా షెడ్డుకి పోసిన రోజుల్లో కూడా లోడు మీద ఒక ట్రే ఊరికే వెళ్ళేది. ఆ మహానుభావుడు ఒక్కనాడూ వద్దనలేదు, ఒక్కనాడూ ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఆర్డర్ వచ్చిన రోజు నేను బీజీని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మరీ చెప్పాను.

"బీజీ, ఇదిగో, ఇక్కడున్న లెక్కా అక్కడ దిగే సరుకూ ఒక్కటే అవ్వాలి. అటూ ఇటూ అయితే ఒప్పుకోరు."

"అవ్వాలి మరి. తక్కువ పంపితే ఎవరొప్పుకుంటారు?" అంది బీజీ, అదేదో నేను కొత్తగా కనిపెట్టినట్టు నావైపు చూసి.

"ఎక్కువైనా ఒప్పుకోరు."

"ఎక్కువెందుకవుతుంది? అమ్మింది లెక్కపెట్టే రాశావు కదా."

నిజమే, రాశాను. ఆవిడ అర్థం చేసుకుందనే అనుకున్నాను. ఆవిడ కూడా అర్థం చేసుకున్నాననే అనుకుంది. ఆవిడ దృష్టిలో లెక్క అమ్మినదానికి. కొసరు అమ్మేది కాదు, ఇచ్చేది. ఇచ్చినదాన్ని లెక్కలో రాస్తే అది ఇచ్చినట్టెలా అవుతుంది? ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. కంప్యూటర్‌కి చెప్పేవాళ్ళే లేరు.

లోడు సిద్ధమైన రోజు నేను ముందు గదిలో లేబుళ్ళు అచ్చు తీస్తున్నాను. గుర్తేజ్ చల్లగదిలో ఉన్నాడు. ట్రేల చుట్టూ ప్లాస్టిక్ కాగితం చుట్టే ముందు, బీజీ ఒక ట్రే ఎత్తి నడిమధ్య ఉన్న ఖాళీలో దూర్చింది. అది కూడా ఏరి కోరి, అన్నిటికన్నా లావు కాయలున్న ట్రే. మొదటిసారి కొంటున్నవాళ్ళు కదా అని.

ట్రక్కు తెల్లారకముందే వెళ్ళిపోయింది. తోలేది టెవిటా, టోంగా దీవుల నుంచి వచ్చిన పిల్లాడు, మనిషి తలుపంత వెడల్పు, మనసు వెన్న. మధ్యాహ్నం నేను రొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ చేశాడు.

"ఆంటీ, కూర్చునే ఉన్నావా?"

"ఏమైంది? గుద్దేశావా ఎక్కడైనా?"

"ట్రక్కు బానే ఉంది ఆంటీ. నీ లోడే బాలేదు. ఇక్కడ మిషను మీద పెట్టగానే ఎర్ర లైటు. నువ్వు పంపిన కబురు కన్నా బరువు ఎక్కువుందంట. విప్పి చూశాం. ఒక ట్రే ఎక్కువుంది, దాని మీద లేబుల్ లేదు."

నాకు క్షణంలో అర్థమైపోయింది. రొట్టె కంచంలో పడేశాను.

"టెవిటా, ఆ ట్రే తీసి పక్కన పెట్టు. నువ్వే తినెయ్. మిగతావి దింపెయ్."

"నాకా మాత్రం తెలీదా ఆంటీ? తీశాను. అయినా మిషను ఒప్పుకోవట్లేదు. ఒకసారి ఎరుపు పడితే ఎరుపేనంట. మీ వైపు నుంచి పోర్టల్‌లో సరిచేస్తేనే మళ్ళీ తూస్తుందంట. నాలుగింటికి గేటు మూసేస్తారు. ఆ తర్వాత ఏ లోడు మిగిలినా చెత్తలోకే."

"అక్కడ మనిషెవడూ లేడా? ఫోన్ ఇవ్వు వాడికి."

ఫోన్ ఎవరికో ఇచ్చాడు. పెద్ద వయసు మనిషి గొంతు, అలిసిపోయిన గొంతు. "అమ్మా, నా చేతిలో ఉంటే ఈపాటికి దింపేసేవాణ్ణి. కాయలు బంగారంలా ఉన్నాయి. కానీ తలుపు తెరిచేది నేను కాదు, మిషను. నాకు తాళం కూడా ఇవ్వలేదు" అన్నాడు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. అందుకే నాకు ఇంకా మండింది. తిట్టడానికి ఒక మొహం కూడా మిగల్చకుండా చేశారు వెధవలు.

పోర్టల్ తెరిచాను. మా పేరు పక్కన ఉండే పచ్చ చుక్క ఎర్రగా మారింది. కింద రాసి ఉంది: "వ్యత్యాసం గుర్తించబడింది. గడువులోగా సరిచేయనిచో సరుకు తిరస్కరించబడును. సరఫరాదారు ఖాతా ఈ సీజనుకు నిలిపివేయబడును." బడును, బడును, బడును. చేసేవాడు మాత్రం ఎక్కడా లేడు.

సహాయం అని రాసి ఉన్నచోట నొక్కితే ముందు ఒక బొమ్మ వచ్చి నన్ను ప్రశ్నలడిగింది. దానికి జవాబు చెప్పి చెప్పి, చివరికి తిట్టడం మొదలుపెట్టాక ఒక నంబరు ఇచ్చింది. ఇమోజెన్ అనే అమ్మాయి పలికింది.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండి. మీ ముందు కబురుకీ సరుకుకీ తేడా వచ్చిందండి."

"తేడా అంటే ఎక్కువ వచ్చిందమ్మా! ఎక్కువ! మీకు నష్టమేం లేదు. ఊరికే ఇచ్చాం. ఇప్పుడదీ తీసేశాం. లోడు దింపుకోమని చెప్పు."

"తేడా తేడానేనండి. సరిచేయాలంటే మీరు సవరణ పేజీలోకి వెళ్ళాలండి."

"వెళ్ళాను. అక్కడ ఒక్కటే ఉంది. తక్కువ పంపాం అని."

"అవునండి. తక్కువ పంపినట్టు ప్రకటించే బటన్ ఉందండి."

"మేం తక్కువ పంపలేదు. ఎక్కువ పంపాం. దానికి బటన్ ఏది?"

కాసేపు టకటక చప్పుడు వినిపించింది. వెతుకుతోంది పాపం.

"ఎక్కువకి బటన్ లేదండి."

"ఎందుకు లేదు?"

"ఎప్పుడూ ఎవరూ... అంటే, అవసరం రాలేదనుకుంటానండి."

నేను ఫోన్ బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకున్నాను. వాళ్ళు పోర్టల్ కట్టినప్పుడు అన్నీ ఆలోచించారు. దొంగతనం ఆలోచించారు, మోసం ఆలోచించారు, తూకంలో దగా ఆలోచించారు. ఎవడైనా ఊరికే ఒక ట్రే ఇస్తాడన్న ఆలోచన మాత్రం వాళ్ళ బుర్రలకి తట్టలేదు. మళ్ళీ మేము భాగస్వాములం!

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాను ఫోన్ మళ్ళీ తీసుకుని.

ఇమోజెన్ గొంతు తగ్గించింది. "నేను చెప్పానని చెప్పకండి. మీ డ్రైవర్‌ని ఇంకొక ట్రే కూడా తీసెయ్యమనండి. అప్పుడు నిజంగానే ఒకటి తక్కువవుతుంది. మీరు తక్కువ పంపామని ప్రకటించండి. మిషను మళ్ళీ తూస్తుంది, సరిపోతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఏ తేడా వచ్చినా అందరూ ఇలాగే చేస్తారండి."

అందరూ ఇలాగే చేస్తారట. ఎంత హాయిగా చెప్పిందో! ఆ పిల్ల మంచిదే, నాకు సాయం చేద్దామనే చెప్పింది. దారి చూపించింది, ఆ దారి మురిక్కాలవ గుండా ఉంటే ఆ పిల్లేం చేస్తుంది?

బటన్ నొక్కడానికి వెళ్ళాను. నొక్కగానే పోర్టల్ ఇంకోటి అడిగింది. ఖాతాదారు ధ్రువీకరణ కావాలట. అంకెలు ఖాతాదారు ఫోన్‌కి వస్తాయట. ఖాతాదారు అంటే బీజీ.

బీజీ షెడ్డులో కూర్చుని మరుసటి ఆర్డర్‌కి కాయలు ఏరుతోంది. గుర్తేజ్‌ని కూడా కేకేశాను. ఇద్దరినీ కంప్యూటర్ ముందు నిలబెట్టి జరిగింది చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే తెలియకుండా పైకి లేచింది.

"చెప్పానా లేదా బీజీ? లెక్క సరిపోవాలని చెప్పానా లేదా?"

"లెక్కలో ఒక్కటి తగ్గిందా చెప్పు!" బీజీ కూడా గొంతు పెంచింది. "కొసరు వేశాను. కొసరు వేస్తే కోపమొచ్చేవాళ్ళని నా పుట్టుకలో చూళ్ళేదు. ఎవరమ్మా వీళ్ళు, ఏ తల్లి కన్న బిడ్డలు?"

"వాళ్ళని తల్లులు కనలేదు బీజీ. అది మిషను."

"ఆ మిషను దగ్గరున్న మనిషికి చెప్పు. మనిషన్నవాడికి అర్థమవుతుంది."

"చెప్పాను. ఆయనకి అర్థమైంది. తలుపు ఆయన చేతిలో లేదు."

గుర్తేజ్ తలపాగా మీద చెయ్యి పెట్టుకుని తెర చదువుతున్నాడు. "అమ్మా, ఒక్క బటనే కదా. నొక్కేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"ఏం రాసుందందులో?" అంది బీజీ.

గుర్తేజ్ నావైపు చూశాడు. ఇలాంటివి చదివే పనీ నాదే. చదివాను, ఒక్కో మాటా పంజాబీలో చెప్పుకుంటూ.

"నేను, నసీబ్ కౌర్, ఒప్పుకున్న దానికన్నా తక్కువ సరుకు పంపానని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. కారణం: లెక్క తప్పడం, తూకం లోపం, దొంగతనం, ఇతరం. వీటిలో ఒకటి ఎంచుకోవాలి."

బీజీ కళ్ళజోడు తీసి చున్నీ చివరతో తుడిచి మళ్ళీ పెట్టుకుని, తెర దగ్గరికి వంగింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం, కానీ తన పేరు గుర్తుపడుతుంది.

"ఇది నా పేరు కదూ?"

"అవును బీజీ."

"ఇతరం అంటే?"

"ఈ మూడూ కాక ఇంకేదైనా."

"అయితే అది నొక్కి రాయి. ముసల్ది కొసరు వేసింది, తప్పయితే క్షమించండి అని రాయి."

"రాసే చోటు లేదు బీజీ. ఇతరం అంటే ఇతరం, అంతే."

"రాసే చోటే లేదా?"

"లేదు."

అప్పుడు లేచింది ఆవిడకి కోపం. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ అంత కోపం ఎప్పుడూ చూడలేదు. "పారబొయ్యనీ!" అంది. "కుళ్ళిపోనీ! ఎక్కువిచ్చినదాన్ని పట్టుకుని తక్కువిచ్చానని రాసిమ్మంటారా? నా మావగారు ఈ దేశం వచ్చి గుర్రాల మేత మోశాడు, రాళ్ళు మోశాడు, ఎవరి దగ్గరా తక్కువ తూచాడన్న మాట పడలేదు. నా మొగుడు పడలేదు. ఇప్పుడు నేను పడాలా, అది కూడా నా నోటితోనే, నా పేరుతోనే?"

"అమ్మా, మిషనుతో రోషమేంటి? అదేమైనా వింటుందా, కంటుందా?" అన్నాడు గుర్తేజ్.

"నేను వింటున్నాను కదరా! నేను చూస్తున్నాను కదా! నేను మనిషిని కానా?"

నాకు ఆవిడ మీదా కోపం వచ్చింది, అది కూడా చెప్పాలి. ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ నిజాన్ని నెత్తిన పెట్టుకుని కూర్చుంటే నాలుగింటికి గేటు మూస్తారు, ఈ లోడే కాదు, సీజనంతా పోతుంది. చెట్లు నీలంగా వంగి ఉన్నాయి. చాచా గేటు తెరవడు. నేను గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

టెవిటా మళ్ళీ ఫోన్. "ఆంటీ, రెండో ట్రే కూడా తీసి పెట్టాను. ఊరికే, ముందుజాగ్రత్త. నువ్వు నొక్కితే చాలు. నా వెనక వరసలో ట్రక్కులున్నాయి, తిడుతున్నారు."

"తిట్టనీ, చెవులు మూసుకో. ఒక్క నిమిషం."

సరిగ్గా అప్పుడే జీతో తలుపులోంచి తొంగి చూసింది. జీతో కోతకొచ్చే ఆడవాళ్ళకి మేస్త్రీ. మన ఊరి మనిషే, వాళ్ళ జట్టంతా గురుద్వారా వీధివాళ్ళే. లోపల అరుపులు వినే వచ్చిందని మొహం చూస్తే తెలుస్తోంది.

"బీజీ," అంది మెల్లగా, "ఆడవాళ్ళడుగుతున్నారు. రేపు కోతకి రమ్మంటారా, మానమంటారా? మానమంటే ఇప్పుడే చెప్పండి, వేరే తోటల్లో అడుక్కుంటాం. మళ్ళీ ఆలస్యమైతే అక్కడా నిండిపోతాయి."

జీతో చేతులు మోచేతుల దాకా నీలం రంగు పట్టి ఉన్నాయి. బీజీ ఆ చేతులే చూసింది. జీతో మాత్రం నేల చూస్తూ నిలబడింది.

"రండి," అంది బీజీ. "అందరూ రండి."

జీతో వెళ్ళిపోయింది. బీజీ కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. జేబులోంచి ఫోన్ తీసి నాకివ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అంకెలు నేనే కొడతాను. ఎక్కడ కొట్టాలో చూపించు."

"నేను కొడతాను బీజీ. మీరు చదవండి చాలు. ఆ పాపమేదో నాకే తగలనీ."

"నా పేరుతో అబద్ధమైతే నేనే ఆడతాను. నీ చేత ఆడించను."

ఒక్కో అంకె వెతికి వెతికి, చూపుడువేలితో కొట్టింది. కారణం దగ్గర ఆగింది. లెక్క తప్పడమా, తూకం లోపమా, దొంగతనమా అని నేను మళ్ళీ చదివాను. లెక్క తప్పడం పెట్టమన్నాను, అన్నిట్లోకీ అదే నయం. పెట్టింది. చివర్లో పోర్టల్ ఇంకో పెట్టె తెరిచింది, "పై విషయం నిజమని ధ్రువీకరిస్తున్నారా?" అని. కింద రెండు బటన్లు.

"ఏమంటోంది?"

"ఇది నిజమేనా అని అడుగుతోంది బీజీ."

"కాదంటే?"

"కాదంటే మొత్తం పోతుంది."

బీజీ నవ్వింది. "అడగడం మాత్రం బాగా అడుగుతారు" అంది, అవునన్న చోట నొక్కింది.

వెంటనే ఎర్ర చుక్క పచ్చగా మారింది. "ధన్యవాదాలు! మీ నిజాయితీకి అభినందనలు!" అని పెద్ద అక్షరాలతో వచ్చింది, పక్కన చప్పట్లు కొడుతున్న రెండు చేతుల బొమ్మ. నేను కంప్యూటర్ ఎత్తి గోడకేసి కొట్టేదాన్నే. గుర్తేజ్ పట్టుకున్నాడు. బీజీ ఆ బొమ్మ చూసి, "చేతులెందుకు వచ్చాయి?" అని అడిగింది. నేను అబద్ధం చెప్పాను. లోడు దిగుతోందని అర్థం అన్నాను.

లోడు నిజంగానే దిగింది. టెవిటా ఫోన్ చేసి కేకలు పెట్టాడు సంతోషంగా. ఆ రెండు ట్రేలూ ఏం చెయ్యమంటావని అడిగాడు. వరసలో తిట్టిన డ్రైవర్లకి పంచిపెట్టమన్నాను. "తిట్టినవాళ్ళకా?" అన్నాడు. "తిట్టినవాళ్ళకే. మనుషులు కదా, కనీసం తింటారు" అన్నాను.

సాయంత్రానికల్లా పోర్టల్‌లో ఇంకో ఆర్డర్ పడింది, మొదటిదానికన్నా పెద్దది. మమ్మల్ని ఒప్పుకున్నట్టే. గుర్తేజ్ లడ్డూలు తెచ్చాడు. బీజీ ఒకటి తీసుకుని చున్నీ చివర కట్టుకుంది గానీ తినలేదు.

తర్వాతి లోడు సర్దేటప్పుడు నేను పలక పక్కనే నిలబడ్డాను, బీజీ ఏమైనా దూరుస్తుందేమోనని. దూర్చలేదు. వేరే మనిషిలా పక్కన నిలబడి, చుట్టడం అయ్యాక ఇంట్లోకి వెళ్ళిపోయింది. పోనీలే, అలవాటు పడిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఊపిరి పీల్చుకున్నాను కూడా.

ఆదివారం గురుద్వారాకి వెళ్ళాం. గ్రంథ పాఠం అయ్యాక, అందరికీ అన్నం పెట్టే లంగర్ హాల్లో వరసల్లో కూర్చున్నాం. పప్పు బాల్చీ పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఎప్పుడూ బీజీనే. నేను పెళ్ళై వచ్చిన మొదటి వారం నుంచీ చూస్తున్నాను. ఎవరు చాలన్నా వినకుండా కంచంలో ఇంకో గరిటె పోసి, "తిను, తిను, గురువు ఇంట్లో మొహమాటమేంటి" అంటుంది. ఆ ఆదివారం నా కంచంలో పప్పు పోసింది జీతో.

"బీజీ ఏది?" అన్నాను.

"వంటింటి వెనకాల. గిన్నెలు తోముతానంది. నేను పొయ్యనులే, నువ్వు పొయ్యి అని బాల్చీ నా చేతిలో పెట్టేసింది" అంది జీతో.

కంచం వదిలేసి వెళ్ళాను. బీజీ సల్వార్ మడమల పైకి లాక్కుని, తొట్టి ముందు నిలబడి కంచాలు తోముతోంది. చేతుల నిండా సబ్బు నురగ.

"బీజీ, చెయ్యి నొప్పిగా ఉందా? బాల్చీ బరువైందా?"

"చేతికేం? బానే ఉంది."

"మరి వడ్డించకుండా ఇక్కడేంటి?"

ఆవిడ కంచం కడిగి పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. 

"తక్కువిచ్చే చెయ్యి అని రాసిచ్చాను కదమ్మా. ఆ చేత్తో ఇక్కడెలా వడ్డించను?"

నాకు ఒళ్ళంతా మండిపోయింది. "బీజీ, అది ఉత్త కంప్యూటర్! అది అబద్ధమని నాకు తెలుసు, గుర్తేజ్‌కి తెలుసు, ఆ ఫోన్‌లో పిల్లకి కూడా తెలుసు. దేవుడికి తెలీదా?"

"తెలుసు. నొక్కింది నేనని కూడా తెలుసు కదా."

అంతే, నాకు నోరాగలేదు. గురుద్వారా వంటింట్లో నిలబడి ఆ పోర్టల్‌నీ, దాన్ని కట్టినవాళ్ళనీ, వీడియోలో పళ్ళికిలించిన ఆవిణ్ణీ, చప్పట్లు కొట్టిన చేతుల్నీ, వాళ్ళ ఏడుతరాల్నీ కలిపి తిట్టాను. రొట్టెలు కాలుస్తున్న ఆడవాళ్ళందరూ చేతులాపి నావైపు తిరిగారు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయని కూడా నాకు తెలీలేదు. బీజీ తడి కంచం ఒకటి నా చేతిలో పెట్టింది.

"అరవకు. తుడువు" అంది.

తుడిచాను. ఒకటి తర్వాత ఒకటి ఆవిడ ఇస్తూనే ఉంది, నేను తుడుస్తూనే ఉన్నాను. ఆ సీజనంతా పెద్దోళ్ళ ఆర్డర్లు వచ్చాయి, మా ఖాతా ఇప్పటికీ పచ్చగానే ఉంది. బీజీ మాత్రం మళ్ళీ గరిటె పట్టుకోలేదు.